పాత మిలిటరీ రైఫిళ్ల మీద అంతుచిక్కని గుర్తులు: ఫొటో పెట్టండి, కలిసి చదువుదాం

కొత్తబోల్టు

అందరికీ నమస్కారం. ఒక పాత సేకరణ అమ్మకానికి వస్తే అందులోంచి ఈ బోల్టు యాక్షన్ రైఫిల్ (తూటా ఎక్కించే బోల్టును చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసే రకం) తీసుకున్నాను. లైసెన్సు, కాగితాలు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. లీ ఎన్‌ఫీల్డ్ అని మాత్రం తెలుసు, మిగతాదంతా గజిబిజి. అక్షరాలు, అంకెలు, కిరీటాలు, బాణాలు ఎన్ని ఉన్నాయంటే ఖాళీ ఇనుము వెతుక్కోవాలి.

కుడివైపు, చెక్క మొదలయ్యే చోట ఉన్న ఇనుప సాకెట్ మీద: పైన కిరీటం, కింద జి.ఆర్., ఆ కింద బి.ఎస్.ఎ. కో., 1917, అడుగున ఎస్‌హెచ్‌టి. ఎల్.ఇ. అని, పక్కన రోమన్ మూడు, దాని పక్కన నక్షత్రం.

రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప చట్రం) మీదా, వెనక చెక్క మీదా: యు అక్షరం, దాని కడుపులో పైకి చూస్తున్న బాణం.

బ్యారెల్ మొదట్లో: .303, 2.222, తర్వాత 18.5 టన్స్ పర్ అని రాసి ఒక ఖాళీ చతురస్రం. టన్నులేమిటండీ? ఎత్తి చూస్తే నాలుగు కిలోలు కూడా లేదు.

ఇంకోచోట రెండు బాణాలు మొనకు మొన ఆనించుకుని ఉన్నాయి. ఒక మూల చిన్న అక్షరాలతో ఇంగ్లండ్ అని ఉంది. బోల్టు మీది నంబరు ఒకటి, రిసీవర్ మీదిది ఇంకొకటి. ఆ బోల్టు సంగతే ఎక్కువ బాధపెడుతోంది.

తుప్పుబాబు

యు అంటే అన్‌సర్వీసబుల్. పనికిరాదని పక్కన పెట్టిన రైఫిల్ అయ్యుంటుంది. కాల్చకండి.

పాతఇనుము

తుప్పుబాబు గారూ, కాల్చవద్దన్న సలహా మంచిదే, కారణం మాత్రం అది కాదు. పనికిరాని దాన్ని యు బాణంతో గుర్తించరు. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

కొత్తబోల్టు గారూ, ఫొటోలు బాగా వచ్చాయి. ముందు సాకెట్ చదవండి, మీ రైఫిల్ పుట్టుక అక్కడే ఉంది. జి.ఆర్. అంటే జార్జ్ రెక్స్, జార్జి రాజు. 1917 అంటున్నారు కాబట్టి ఐదో జార్జి. ఆయన 1910 నుంచి 1936 దాకా ఉన్నాడు. బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ. ఆ చోటే ఎన్‌ఫీల్డ్ అనో, ఎల్.ఎస్.ఎ. (లండన్ స్మాల్ ఆర్మ్స్) అనో, లిత్‌గో అనో, ఇషాపూర్ అనో ఉంటే వేరే ఫ్యాక్టరీ.

కింది లైన్ అంటే షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్, మార్క్ త్రీ, నక్షత్రం. మార్క్ త్రీ 1907లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల్లో కావలసి వచ్చేసరికి ఖర్చూ పనీ తగ్గించడానికి కొన్ని భాగాలు ఎత్తేశారు: మ్యాగజైన్‌ను మూసిపెట్టే కటాఫ్ పలక, చాలా దూరం కాల్చే వాలీ సైట్లు, వెనక సైట్‌ను పక్కలకు జరిపే మర. అలా తేలికపరిచిన నమూనాకు 1916లో ఆమోదం వచ్చింది, పేరు పక్కన నక్షత్రం చేరింది. మీ దాంట్లో కుడివైపు కటాఫ్ ఉందా లేదా చూసి చెప్పండి.

చరిత్రపిచ్చి

యు సంగతి నేను చెప్తాను. ఆ పైకి చూసే బాణాన్ని బ్రాడ్ ఆరో అంటారు. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని గుర్తు. ఫిరంగి నుంచి తుపాకీ దాకా సైన్యం సామాను ఏదైనా అది కొట్టేవాళ్లు. సామ్రాజ్యంలోని మిగతా దేశాలు అదే బాణాన్ని తీసుకుని తమ అక్షరం జోడించాయి. సి లోపల బాణం ఉంటే కెనడా. ఐ తోడుగా ఉంటే ఇండియా. రెండు డి అక్షరాల మధ్య బాణం ఉంటే ఆస్ట్రేలియా రక్షణ శాఖ. ఎన్, జెడ్ మధ్య ఉంటే న్యూజిలాండ్. యు లోపల ఉంటే యూనియన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా. ఆ యూనియన్ 1910లో ఏర్పడింది.

అంటే మీ రైఫిల్ బర్మింగ్‌హామ్‌లో పుట్టి దక్షిణాఫ్రికా సైన్యం కొలువులో పనిచేసింది.

కొత్తబోల్టు

కటాఫ్ లేదు సార్. దాని కోసం గాడి కూడా కోయలేదు, ఆ చోటు నున్నగా ఉంది. దక్షిణాఫ్రికా అని అస్సలు అనుకోలేదు! మరి ఇంగ్లండ్ అని ఎందుకు రాసినట్టు? తయారైంది అక్కడే కదా, మళ్లీ చెప్పాల్సిన పనేముంది?

పాతఇనుము

కటాఫ్ లేదు, గాడీ లేదు, పక్కన నక్షత్రం. ఒకదానికొకటి సరిపోయాయి. ఇలా సరిపోతేనే ముద్రను నమ్మాలి.

ఇంగ్లండ్ అన్నది సైన్యం కొట్టింది కాదు, వ్యాపారం కొట్టించింది. అమెరికాలోకి దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నియమం 1890 నాటి సుంకం చట్టంతో వచ్చింది. మిగులు ఆయుధాలు అక్కడి మార్కెట్‌కు పంపేటప్పుడు ఈ మాట కొట్టేవాళ్లు. కాబట్టి మీ రైఫిల్ ఒక దశలో అట్లాంటిక్ దాటి అమ్మకానికి వెళ్లింది, లేదా వెళ్లడానికి సిద్ధమైంది.

మొనలు ఆనించిన రెండు బాణాలు అమ్మేసిన ముద్ర. ప్రభుత్వ ఆస్తి అని ఒక బాణం ఉందిగా, దానికి ఎదురుగా ఇంకోటి కొడితే ఇక మాది కాదు అని. ఇది లేకుండా బాణం మాత్రమే ఉన్న వస్తువు బయట దొరికితే దొంగసొత్తు అని అనుమానించే రోజులు ఉండేవి.

ఇక టన్నులు. అది బరువు కాదు, పీడనం. బ్రిటన్‌లో సైన్యం వదిలించుకున్న తుపాకీని మామూలు జనానికి అమ్మాలంటే లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉన్న ప్రూఫ్ హౌస్‌లో పరీక్ష పెట్టాలి. మామూలు కంటే ఎక్కువ మందుగుండు కట్టి కాలుస్తారు. తట్టుకుంటే ముద్ర. .303 క్యాలిబర్. 2.222 అంటే తూటా కేసు పొడవు, అంగుళాల్లో. 18.5 టన్స్ పర్ అని ఆ తర్వాత ఖాళీ చతురస్రం ఉంది చూశారూ, అదే చదరపు అంగుళం. చదరపు అని రాసే బదులు గడి గీశారు.

తుప్పుబాబు

ఆ గడిని ఇన్నాళ్లూ ఏదో రెజిమెంటు గుర్తు అనుకుంటూ వచ్చాను.

నూనెగుడ్డ

దాన్ని జపాన్ గుర్తు అన్నవాణ్ని చూశాను నేను.

మోడరేటర్

చిన్న మనవి. ఫొటోల్లో సీరియల్ నంబర్ చివరి రెండు అంకెలు కప్పి పెట్టండి. నంబర్ ఎరేజ్ చేయడం, మార్చడం గురించిన సలహాలు ఇక్కడ వద్దు. చాలా దేశాల్లో అది నేరం. ఇక కొనసాగించండి.

సందేహాలపుట్ట

చర్చను పక్కకు లాగుతున్నందుకు ఏమనుకోకండి, నా దగ్గర కూడా ఒక లీ ఎన్‌ఫీల్డ్ ఉంది, నాది ఇంకా పాతది అనుకుంటా. కిరీటం కింద వి.ఆర్. అని ఉంది, అంటే విక్టోరియా రాణి కదా? ఎన్‌ఫీల్డ్ అని ఉంది, 1919 అని ఉంది, అడుగున కొత్తబోల్టు గారి దాని మీద ఉన్నట్టే ఎస్‌హెచ్‌టి. ఎల్.ఇ., మూడు గీతలు. ఎన్‌ఫీల్డ్‌లో ఎన్ అక్షరం కాస్త తేడాగా ఉంది. చేత్తో చెక్కినట్టుంది, పాతకాలం పనితనం. ఇది అరుదైనదా?

చరిత్రపిచ్చి

విక్టోరియా 1901 జనవరిలో చనిపోయింది. 1919లో ఆమె పేరు మీద రైఫిల్ ఎవరూ చేయరు. పైగా మార్క్ త్రీ వచ్చిందే 1907లో. ఆ ఎన్ క్లోజప్ పెట్టండి.

సందేహాలపుట్ట

పెట్టాను. గీత ఇటు వాలాల్సింది అటు వాలింది. అద్దంలో చూసినట్టుంది.

పాతఇనుము

అనుమానం అక్కర్లేదు. ఇది సరిహద్దు కాపీ. అఫ్గానిస్తాన్ సరిహద్దులోని ఖైబర్ ప్రాంతం, ముఖ్యంగా దర్రా ఆదం ఖేల్, చేతి పనితో తుపాకులు చేయడానికి పేరుమోసిన చోటు. అసలు రైఫిల్ ఒకటి ముందు పెట్టుకుని, చిన్న కొలిమి, ఆకురాయి, చేతి డ్రిల్లుతో ప్రతి భాగాన్నీ నకలు తీస్తారు. ఆకారం తీయడంలో వాళ్లు దిట్టలు. అక్షరాల దగ్గరికొచ్చేసరికి, ఆ లిపి చదవడం రానివాళ్లు కంటికి కనబడ్డ బొమ్మను గీశారు. అందుకే ఎన్ తిరగబడుతుంది, స్పెల్లింగ్‌లో అక్షరం ఎగిరిపోతుంది, రాణి పోయాక పద్దెనిమిదేళ్లకు ఆమె కిరీటం పడుతుంది.

ఇంకా చూడండి: అసలు ఫ్యాక్టరీలో ఒక్కో అక్షరానికి పంచ్ ఉంటుంది, ఒక దెబ్బతో దిగుతుంది, అంచులు పదునుగా, లోతు సమానంగా ఉంటాయి. మీ ఫొటోలో కిరీటం గీతలు చిన్న చిన్న ఉలి దెబ్బలతో కూడుకుని ఉన్నాయి, ఒక గీత దగ్గర ఉలి జారి పక్కకు పోయింది. ప్రూఫ్ ముద్రలు ఒక్కటీ లేవు. చిన్న భాగాల మీద ఉండాల్సిన ఇన్‌స్పెక్టర్ కిరీటాలు కూడా లేవు.

సేకరణ వస్తువుగా దీనికి తనదైన విలువ ఉంది, అలాంటివి పనిగట్టుకుని వెతికేవాళ్లు ఉన్నారు. కానీ తూటా మాత్రం పెట్టకండి. ఏ ఉక్కు వాడారో, బోల్టు లగ్గులకు (బోల్టును రిసీవర్‌లో బిగించి పట్టే పళ్లకు) గట్టిదనం ఎక్కించారో లేదో మీకూ నాకూ తెలియదు.

సందేహాలపుట్ట

అరుదైనదే కాని నేననుకున్న రకం కాదన్నమాట. సరేనండి, గోడకే.

నూనెగుడ్డ

ఇప్పుడు నా వంతు. జర్మన్ మౌజర్. రిసీవర్ పైన 42 అని, దాని కింద 1939 అని ఉంది. ఏది సంవత్సరం? 39లో చేసి 42లో రిపేర్ చేశారా?

చరిత్రపిచ్చి

అందరూ పడే చోటే మీరూ పడ్డారు. 1939 సంవత్సరమే. 42 సంవత్సరం కాదు, ఫ్యాక్టరీ కోడ్: ఓబర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్. వెర్సాయ్ ఒప్పందం ఆంక్షలు ఉండగానే ఆయుధాలు పెంచుకుంటున్న రోజుల్లో ఎవరు చేస్తున్నారో దాచడానికి ఈ కోడ్‌లు పెట్టారు. మొదట్లో ఎస్/42 అని ఉండేది. అప్పట్లో ఏడాదిని కూడా దాచారు: 1934కు కె, 1935కు జి. తర్వాత ఎస్ పోయింది, 42 మిగిలింది. 1941 నుంచి అదే ఫ్యాక్టరీకి బివైఎఫ్ అనే అక్షరాల కోడ్ వచ్చింది. యుద్ధం చివర్లో 1945లో ఎస్‌విడబ్ల్యు.

కాబట్టి 42 కింద 1939 అని ఉంటే మౌజర్ 39. బివైఎఫ్ కింద 43 అని ఉంటే మౌజర్ 43. ఇక్కడ 43 నిజంగా ఏడాదే. గందరగోళం వాళ్లు కావాలని పెట్టిందే కాబట్టి పడినవాళ్లను తప్పుపట్టడానికి లేదు.

సీరియల్ నంబర్ తర్వాత చిన్న అక్షరం ఉందా? ప్రతి ఏడాదీ 1 నుంచి 9999 దాకా లెక్కపెట్టి, తర్వాత ఎ చేర్చి మళ్లీ 1 నుంచి, ఆ తర్వాత బి. అక్షరం వదిలేసి నంబర్ చెబితే రైఫిల్ సగం చెప్పినట్టే.

నూనెగుడ్డ

ఉంది, కె. ఇంకో రెండు సంగతులు. బోల్టు మీద పాత నంబరు మీదుగా అడ్డగీత కొట్టి, పక్కన సన్నగా, గోరుతో గీకినట్టు రిసీవర్ నంబర్ రాసి ఉంది. రిసీవర్ ఎడమవైపు పెద్ద ఎక్స్.

పాతఇనుము

ఎర్రసైన్యం చేతుల మీదుగా వచ్చింది. యుద్ధంలో పట్టుబడ్డ మౌజర్లను సోవియట్ డిపోల్లో కుప్పలుగా విప్పి, శుభ్రం చేసి, చేతికందిన బోల్టు ఏదో ఒకటి వేసి మళ్లీ కూర్చారు. ఆ పైన నంబర్ కలపడానికి పాతదాన్ని అడ్డంగా కొట్టేసి ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో (ఇనుము మీద రాసే కరెంటు కలంతో) కొత్తది రాశారు. ఇలా పట్టుబడ్డ రైఫిళ్ల మీదే ఆ ఎక్స్ ఎక్కువగా కనిపిస్తుంది. చెక్క మీద మెరిసే షెల్లాక్ (లక్క) పూత కూడా ఉంటే ఇంకా గట్టి సాక్ష్యం.

ఇదే మౌజర్ వేరే దారిలో వెళ్లుంటే వేరే ముద్రలు పడేవి. యుగోస్లావియాకు చేరినవాటి జర్మన్ గుర్తులు చాలావాటికి అరగదీసి, ప్రెదుజేచే 44 అని సిరిలిక్ లిపిలో కొట్టారు. నార్వేలో మిగిలిపోయినవాటికి సైన్యానిదైతే హెచ్, ఎ-ఇ కలిసిన అక్షరం, ఆర్. వైమానిక దళానిదైతే ఎఫ్‌ఎల్‌వై. ఇజ్రాయెల్ వాడి, తర్వాత నేటో తూటాకు మార్చినవాటి చెక్క మీద 7.62 అని పెద్దగా కాల్చి రాశారు. ఒకే ఫ్యాక్టరీలో ఒకే వారం పుట్టిన నాలుగు రైఫిళ్లు నాలుగు దేశాల ముద్రలతో తేలవచ్చు.

నన్నడిగితే ఇదంతా ఆస్తి దస్తావేజు వెనక వరసగా పడ్డ చేతిమార్పుల లాంటిది. ఎవరు చేశారు, ఎవరిది, ఎవరు బాగుచేశారు, ఎవరు అమ్మారు. ఏ ముద్ర దేని మీద పడిందో, ఏది దేన్ని కొట్టేసిందో చూసుకుంటూ వెళితే వరస దొరుకుతుంది. విడిగా ఒక్క గుర్తు పట్టుకుని అర్థం అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు.

తుప్పుబాబు

ఒక్క అక్షరంతో చెప్పలేమా? ఎస్.ఎ. అని ఉంటే ఫిన్లాండ్ సైన్యం అని ఎక్కడో చదివాను. నా దాని మీద ఎస్.ఎ. ఉంది.

చరిత్రపిచ్చి

ఏ రైఫిల్?

తుప్పుబాబు

గారాండ్, అమెరికన్ సైన్యం రైఫిల్. చెక్క మీద.

చరిత్రపిచ్చి

అదీ సంగతి. గారాండ్ చెక్క మీద ఎస్.ఎ. అంటే స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ, కింద ఇన్‌స్పెక్టర్ పొడి అక్షరాలు ఉంటాయి. వలయంలో పి కూడా ఉంటుంది, ప్రూఫ్ కాల్పులు అయ్యాయని. రష్యన్ మోసిన్ నగాంట్ రైఫిల్ బ్యారెల్ మీద చిన్న పెట్టెలో ఎస్.ఎ. ఉంటే సుఓమెన్ ఆర్మేయా, ఫిన్లాండ్ సైన్యం. అక్షరాలు అవే, ఇంటిపేర్లు వేరు.

పి కూడా అంతే. స్విస్ రైఫిల్ మీద పి, పక్కన ఏడాది ఉంటే సైనికుడు పదవీ విరమణ చేసి తుపాకీని సొంతానికి తీసుకున్నాడని. స్విస్ కె31 ఉన్నవాళ్లు బట్‌ప్లేట్ రెండు మరలూ విప్పి చూడండి. కింద చెక్క గుంటలో మడిచిన కాగితం దొరుకుతుంది ఒక్కోసారి: ఆ రైఫిల్ మోసిన సైనికుడి పేరు, దళం, ఊరు. అన్నిట్లో ఉండదు. ఉంటే మాత్రం ఆ ఆనందం వేరు. అందులోని పేరు ఇక్కడ పెట్టకండి, ఆయన కుటుంబం ఉండవచ్చు.

చెక్కనూనె

స్వీడన్ మౌజర్ వెనక చెక్కకు కుడివైపు ఇత్తడి బిళ్ల ఉంటుంది కదా, దాని మీద సన్న గడులు, అంకెలు, చిన్న త్రికోణం గుర్తులు. రెజిమెంటుదా?

పాతఇనుము

కాదు. అది బ్యారెల్ ఆరోగ్య పత్రం. బిళ్లను భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో బోర్ కొలత, ఇంకో దాంట్లో లోపలి తుప్పు ఏ మేరకు ఉంది, మరో దాంట్లో కొత్త తూటాకు గురి ఎంత తేడా వస్తుంది అన్నవి ఇస్తారు. ఆర్మరర్ (సైన్యంలో తుపాకులు బాగుచేసేవాడు) చూసి ఆ అంకె దగ్గర త్రికోణం పంచ్ కొడతాడు. బ్యారెల్ మారిస్తే బిళ్ల మారాలి. బిళ్లను రెజిమెంటుగా చదివి కథలు అల్లిన పోస్టులు చాలా చూశాను.

మొదటి యుద్ధానికి ముందు లీ ఎన్‌ఫీల్డ్ చెక్క మీది ఇత్తడి బిళ్ల మాత్రం నిజంగానే దళానిది. అయినా బిళ్ల ఉన్నంత మాత్రాన దాని మీది దళానిదే రైఫిల్ అని ప్రమాణం చేయకండి. మర విప్పితే ఎవరైనా మార్చవచ్చు.

కథలరాణి

మోసిన్ గురించి ఒక్క మాట. బ్యారెల్ మీది ఏడాది చూసి మురిసిపోకండి, బ్యారెల్ మారుతుంది. చెక్కలోంచి విప్పి రిసీవర్ తోక కింద చూడండి, అక్కడ వేరే ఏడాది ఉంటుంది. ఫిన్లాండ్‌వాళ్లు పాత రష్యన్ రిసీవర్లనే తీసుకుని కొత్త బ్యారెల్స్ బిగించారు, కాబట్టి 1940ల బ్యారెల్ కింద 1890ల తోక దొరకడం విశేషమేమీ కాదు. ఫ్యాక్టరీ గుర్తులు: నక్షత్రంలో బాణం తులా, త్రికోణంలో బాణం ఇజెవ్‌స్క్, జార్ కాలంలో అయితే ఇజెవ్‌స్క్‌కు విల్లు బాణం. చతురస్రంలో ఏటవాలు గీత ఉంటే డిపోలో బాగుచేశారని. ఎ.జెడ్.ఎఫ్. ఉంటే మొదటి యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ చేతిలో పడిందని.

చెక్కనూనె

అంకెల గురించి చెప్పగలరా? నా దగ్గరున్న మౌజర్ మీద రాత అంతా అరబ్బీలా ఉంది, ఏడాది అంకెలు అర్థం కావడం లేదు.

చరిత్రపిచ్చి

ఒట్టోమన్ మౌజర్. తూర్పు అరబ్బీ అంకెలు అవి. మనవాళ్లు తప్పు చదివేవి మూడు: చుక్క ఉంటే సున్న, గుండ్రంగా సున్నలా ఉంటే ఐదు, మన ఏడులా కనబడేది ఆరు. ఎడమ నుంచి కుడికే చదవండి, అంకెల వరస మనలాగే.

వచ్చిన సంఖ్య ఒట్టోమన్ల రూమీ కాలమానం. దానికి 584 కలపండి. 1324 అయితే 1908. ఏడాది మార్చిలో మొదలవుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలల దగ్గర ఒక్క ఏడాది అటూ ఇటూ అవుతుంది. పర్షియన్ మౌజర్ మీద సింహం, సూర్యుడు ఉంటే లెక్క వేరు, 621 కలపాలి. బ్యాంకాక్ నుంచి వచ్చిన వాటిమీద బౌద్ధ శకం ఉంటే 543 తీసేయాలి. చైనా రిపబ్లిక్ ఏడాదికి 1911 కలపాలి.

జపాన్‌వాళ్ల పేర్లలోనే ఏడాది ఉంటుంది. టైప్ 38 అంటే మేజీ పాలన 38వ ఏడు, 1905. టైప్ 99 అంటే వాళ్ల రాజవంశ శకంలో 2599, అంటే 1939. పేరు చూసి 1938 అనీ 1999 అనీ రాసిన ప్రకటనలు నిత్యం కనబడతాయి.

అరబ్బీ రాతతో పాటు ఎక్కడైనా ఆస్‌ఫా (టర్కీ సైనిక ఫ్యాక్టరీ ముద్ర), అంకారా అని లాటిన్ అక్షరాలు ఉన్నాయా చూడండి. టర్కీ లిపి 1928లో మారింది. రెండూ ఉంటే ఒట్టోమన్ రైఫిల్‌ను రిపబ్లిక్ బాగుచేసిందన్నమాట. అప్పుడు ఆ లాటిన్ ఏడాదికి ఏమీ కలపక్కర్లేదు.

చెక్కనూనె

ఉన్నాయి! టి.సి. ఆస్‌ఫా అంకారా, 1938. అరబ్బీ అంకెలు చదివితే 1321.

పాతఇనుము

1905. ముప్పై మూడేళ్ల తేడా. నీటుగా కుదిరింది.

నూనెగుడ్డ

జపాన్ అనగానే గుర్తొచ్చింది. అరిసాకా రిసీవర్ మీద చామంతి ఉండాల్సిన చోట అరగదీసి ఉంటే లొంగిపోయినప్పుడు చేసిందేనా?

కథలరాణి

ఎక్కువ వాటికి అవును. పదహారు రేకుల చామంతి చక్రవర్తి గుర్తు. శత్రువు చేతికి ఆ గుర్తుతో ఇవ్వకూడదని అరగదీశారు. కానీ అన్నీ అవే అనుకోకండి. సైన్యం బళ్లకు ఇచ్చేసిన రైఫిళ్ల చామంతిని ముందే రద్దు చేసి చిన్న వలయాలు కొట్టారు, ఆ వలయాలు పరీక్షగా చూస్తే కనబడతాయి. చామంతి పూర్తిగా ఉంటే యుద్ధభూమిలో పట్టుకున్నది అయ్యుండవచ్చు, అందుకే ఆ రకానికి సేకర్తలు ముందు పరుగెత్తుతారు. ముందు పరుగెత్తేవాళ్లున్నచోట కొత్తగా చెక్కిన చామంతులూ ఉంటాయి. పాత ముద్ర అంచుల్లో నీలి పూత గుంటలోకి కూడా దిగి ఉంటుంది. నిన్న చెక్కిన దాంట్లో ఇనుము తెల్లగా మెరుస్తుంది.

తుప్పుబాబు

నకిలీ ముద్రలంటే నాకో అనుమానం. నంబర్ 4 రైఫిల్ (లీ ఎన్‌ఫీల్డ్‌లో తర్వాతి నమూనా) ఒకటి చూశాను, స్నైపర్ అంటున్నారు. రిసీవర్ ఎడమవైపు టి అని ఉంది. చాలదా?

పాతఇనుము

ఒక్క టి పంచ్ కొనడానికి పెద్ద కష్టం లేదు. లండన్ తుపాకీ కంపెనీ హాలండ్ అండ్ హాలండ్ యుద్ధకాలంలో మార్చిన స్నైపర్ రైఫిల్ అయితే ఇవన్నీ కలిసి రావాలి: సాకెట్ మీద టి.ఆర్.; వెనక చెక్క మెడ కింద ఎస్51, అది వాళ్ల కోడ్; చెక్క మెడ పైన స్కోప్ నంబర్; ఎడమ పక్కన స్కోప్ బిగించే రెండు ఇనుప దిమ్మలు, వాటి మరలు జారకుండా పంచ్ కొట్టిన గుంటలు. స్కోప్ వేరేది పెట్టినా ఆ నంబర్ మాత్రం చెక్క మీద మిగులుతుంది. ఈ అయిదింటిలో మూడు లేకపోతే టి ఎంత అందంగా ఉన్నా పక్కకు జరగండి.

నంబర్ 4 చూస్తున్నారు కాబట్టి ఇంకోటి. అమెరికాలో శావేజ్ కంపెనీ చేసినవాటి మీద యు.ఎస్. ప్రాపర్టీ అని ఉంటుంది. అది బ్రిటన్‌కు అప్పుగా ఇచ్చింది, లెండ్ లీజ్ కింద. చికోపీ ఫాల్స్‌లో చేశారు కాబట్టి సీరియల్‌లో సి వస్తుంది. అమెరికా సైన్యం వాడిందని దాన్ని చూసి అనుకోవద్దు.

కథలరాణి

ఎర్ర పట్టీ కూడా. ముందు చెక్క చుట్టూ ఎర్ర రంగు పట్టీ ఉన్న అమెరికన్ 1917 మోడల్ చూస్తే అది అలంకారం కాదు. బ్రిటిష్ హోమ్ గార్డ్ దగ్గర అచ్చం దానిలాంటి పి14 రైఫిల్ .303 తూటాతో ఉండేది, ఇది .30-06 తూటాది. తూటా తారుమారు కాకుండా రంగు వేశారు.

కొత్తబోల్టు

అందరూ ఎక్కడెక్కడో తిరిగి వచ్చారు, నా రైఫిల్ దగ్గరికి రండి! ముందు చెక్క విప్పాను. బ్యారెల్ మొదట్లో సన్నగా 43 అని ఉంది, పక్కనే ఇంకో నక్షత్రం. ఈ నక్షత్రం కూడా మార్క్ త్రీదేనా? అక్షరాల్లో పాత గ్రీజు గట్టిగా ఇరుక్కుని ఉంది, వైర్ బ్రష్‌తో తోమితే వస్తుందా?

చెక్కనూనె

వైర్ బ్రష్ వద్దు! శాండ్ పేపర్ కూడా వద్దు. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ, ఆ తర్వాత వెదురు పుల్ల. పుల్ల మొన ఇనుమును గీకదు. శుభ్రం అయ్యాక తెల్ల సుద్ద పొడి అద్ది పైపైన తుడిస్తే గుంటల్లో మిగిలి అక్షరాలు తేలతాయి. చీకట్లో టార్చ్‌ను పక్క నుంచి, దాదాపు ఇనుముకు ఆనించి వేసి ఫొటో తీయండి. పైనుంచి ఫ్లాష్ వేస్తే సగం ముద్రలు మాయమవుతాయి.

పాతఇనుము

43 అంటే ఆ బ్యారెల్ 1943లోది. 1917 రైఫిల్‌కు రెండో ప్రపంచ యుద్ధంలో బ్యారెల్ మార్చారు. ఇక ఆ నక్షత్రం మార్క్ త్రీది కాదు. సాకెట్ మీది నక్షత్రం నమూనా పేరులో భాగం. బ్యారెల్ మొదట్లో ఉన్నది ఆర్మరర్ పెట్టింది, లోపల తుప్పు గుంటలు ఉన్నాయని. అదే గుర్తు, నాలుగు అంగుళాల దూరంలో వేరే అర్థం.

బోల్టు కాకుండా మిగతా నంబర్లు చూశారా? ముందు కొస టోపీ మీద, వెనక సైట్ ఆకు కింద, ముందు చెక్క కొస అడుగున కూడా ఉంటాయి.

కొత్తబోల్టు

చూశాను. కొస టోపీ, సైట్ ఆకు, చెక్క, రిసీవర్ నాలుగూ ఒకటే. బోల్టు ఒక్కటే పరాయిది. పాతది అడ్డగీత కొట్టి కొత్తది వేయలేదు, ఊరికే వేరే నంబర్ ఉంది. నూనెగుడ్డ గారి మౌజర్‌లాగా దీనికీ నంబర్ కొట్టించేస్తే కలిసిపోదా?

నూనెగుడ్డ

నా దాన్ని కొట్టింది సైన్యం డిపో. అది రైఫిల్ చరిత్ర. మీరు ఇప్పుడు కొడితే అది నకిలీ.

పాతఇనుము

నంబర్ గొడవ అలా ఉంచండి, అసలు ప్రమాదం అది కాదు. లీ ఎన్‌ఫీల్డ్‌లో ఒక్కో బోల్టును ఆ రిసీవర్‌కు అమర్చి, లగ్గులు రెండు వైపులా సమానంగా ఆనేలా ఫ్యాక్టరీలో సరిచేస్తారు. పరాయి బోల్టు ఒక లగ్గు మీదే బరువు వేయవచ్చు. హెడ్‌స్పేస్ కూడా తేడా వస్తుంది, అంటే తూటా వెనక ఉండాల్సిన దానికన్నా సందు ఎక్కువ. పాత ముద్రలు, ప్రూఫ్ హౌస్ 18.5 టన్నులు అన్నీ అసలు బోల్టుతో పెట్టిన పరీక్ష అయ్యుండవచ్చు. ఆ తర్వాత బోల్టు మారితే ఆ ముద్ర ఈ జంటకు హామీ ఇవ్వదు. గేజ్ పెట్టగల తుపాకీ మెకానిక్‌కు చూపించకుండా కాల్చకండి.

నంబర్ 4 అయితే బోల్టు కొసకు 0, 1, 2, 3 అని అంకె ఉంటుంది, సందు ఎక్కువైతే పెద్ద అంకె ఉన్న కొస వేసి సరిచేస్తారు. మీ మార్క్ త్రీలో ఆ వరస లేదు, కొసలు చేత్తో ఎంచి కూర్చేవాళ్లు.

తుప్పుబాబు

నేను మొదట్లోనే చెప్పాను కాల్చకండి అని.

చరిత్రపిచ్చి

కారణం వేరు బాబూ.

కొత్తబోల్టు

గేజ్ ఉన్న ఆయనతో మాట్లాడాను, వచ్చే వారం తెమ్మన్నారు. నంబర్ జోలికి పోను. బ్యారెల్ అడుగున, చెక్కలో దాగే చోట ఇంకో చిన్న వరస కనబడింది: సి.ఎ.ఐ., సెయింట్ ఆల్బ్., వి.టి. దక్షిణాఫ్రికా సైన్యం ఇక్కడ ఎందుకు రాస్తుంది?

కథలరాణి

దక్షిణాఫ్రికాది కాదు. అమెరికా దిగుమతిదారు ముద్ర: సెంచురీ, వెర్మాంట్ రాష్ట్రం. 1968 చట్టం తర్వాత దిగుమతిదారు తన పేరు కొట్టాల్సిందే. ఇంగ్లండ్ ముద్ర ఉందిగా, అక్కడి నుంచి ఎటు వెళ్లిందో ఇది చెప్పింది. పొడి అక్షరాలు చూసి రహస్య దళం అనుకునేవాళ్లు ఉంటారు, మీరు అనుకోలేదు, సంతోషం.

కొత్తబోల్టు

అనుకున్నానండీ, అడగడానికి మొహమాటపడ్డాను. గేజ్ ఫలితం వచ్చాక చెప్తాను.